ఆ తర్వాతి ఊరు

ఫోటో స్టూడియో. తెల్ల తెర ముందు స్టూలు మీద భార్య, కెమెరా వెనక భర్త. కొట్టు తీసి చాలాసేపయినా గిరాకీ లేదు గానీ, ఆయన నోటికి మాత్రం తీరిక లేదు.

"...అందుకే చెప్తున్నా, ఎడారి ఊరికే ఇస్తారు. కావాలంటే రాసిపెట్టుకో. గడ్డం కాస్త దించు."

"అప్పుడే తియ్యకండి."

"ఎందుకు తియ్యకూడదు? లైటు బాగుంది, నీ మొహమూ బాగుంది. రెండూ ఒకేసారి కుదిరినప్పుడు తీసెయ్యాలి."

"ఆగమన్నానా? ఏమిస్తారు ఎడారి ఊరికి?"

"ఏమిటేంటి! ప్రపంచ క్రీడలు! ద్వీపం ఊళ్ళో అయ్యాక వచ్చేవి. మూడు ఊళ్ళు కొట్టుకు చస్తున్నాయి. ఒకటి ఎడారి ఊరు, ఒకటి మంచు ఊరు, మూడోది... మూడోదాన్ని మనం లెక్కలో పెట్టుకోనక్కర్లేదు. డ్రైనేజీ సరిగ్గా లేదు."

"అంటే వచ్చే వేసవిలో జరిగేవి కాదు."

"కాదు."

"వాటి తర్వాతవీ కాదు."

"కాదు. ఆ తర్వాతవి."

"అప్పటికి మనం కర్ర పట్టుకుని నడుస్తుంటామండీ."

"స్టేడియం మెట్లకి రెండు పక్కలా కడ్డీలుంటాయి. ప్లానులో చూశాను. పట్టుకుని హాయిగా ఎక్కొచ్చు."

"ఏ ఊరో తేలనే లేదు, కడ్డీలు కూడా చూసొచ్చారా?"

"ప్లాను వేశారుగా! జుట్టు వెనక్కి తోయ్, చెవులు కనపడాలి. ఇంతకీ ఈ ఫోటో దేనికన్నావ్?"

"అనలేదు."

"అంటేగా సైజు తెలిసేది. బ్యాంకుకా? ఆఫీసుకా?"

"పంపించాలి."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి. మీరు ఎడారి ఊరి సంగతి చెప్పండి."

"ఇదేంటోయ్, పొద్దు ఎటు పొడిచింది ఇవాళ? నీ అంతట నువ్వు అడగడం ఇదే మొదటిసారి."

"టైము గడవాలిగా."

"ఏంటీ?"

"ఏంలేదు. వంటింట్లో కుళాయి కారుతోంది అంటున్నా."

"చూద్దాం. ద్వీపం ఊరి క్రీడల నాటికి ఇల్లంతా ఒకేసారి బాగు చేయిద్దామనుకున్నాంగా."

"మీరనుకున్నారు. కుళాయి అనుకోలేదు. రేవు ఊరి క్రీడలప్పటి నుంచీ కారుతోంది."

"రేవు ఊరు! ఆహా. ఏం ఊరోయ్ అది!"

"వెళ్దామన్నారు. వెళ్ళలేదు."

"స్టేడియం పైకప్పు నచ్చలేదని చెప్పాగా."

"అంతకుముందు కోట ఊరు. మన పెళ్ళయిన కొత్త. ఆ ఊళ్ళ అసలు పేర్లు నాకు నోరు తిరగవని మీరే ఈ ముద్దుపేర్లు పెట్టి నేర్పించారు. కోట ఊరికి వెళ్దాం, స్వెట్టరు అల్లుకో అన్నారు. రెండు అల్లాను. మీదొకటి, నాదొకటి."

"అక్కడ చలి మరీ ఎక్కువని తర్వాత తెలిసింది."

"చలికే కదండీ స్వెట్టరు!"

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావ్? కదలకు, తీస్తున్నా."

"తియ్యొద్దన్నానా! వంతెనల ఊరి సంగతి ఏంటి? వచ్చే వేసవిలోనే కదా?"

"అదా... అది అయిపోయింది."

"మొదలవకుండా అయిపోవడమేంటి?"

"నా వరకూ అయిపోయింది. ఎనిమిదేళ్ళు చూశాను దాన్ని. ఊరు ఖాయం చేసిన రోజు నుంచీ వీధి వీధీ, గేటు గేటూ. ఇంక కొత్తగా చూడ్డానికి ఏముంది అందులో?"

"క్రీడలున్నాయి."

"అవి టీవీలో వస్తాయి. ఏమోయ్, అన్నట్టు, నీకు చెప్పానో లేదో. మొన్నామధ్య ఒకాయన ఫోన్ చేశాడు. క్రీడల గురించి మీతో మాట్లాడాలండీ అన్నాడు. నా అభిప్రాయం కోసమట! ఎంత మర్యాదస్తుడనుకున్నావ్. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నువ్వూ ఉన్నావు, రెండు మాటలకే కూర మాడుతోందంటూ లేచిపోతావు."

"ఏం చెప్పారు ఆయనకి?"

"ఉన్నదున్నట్టు చెప్పా. వంతెనల ఊరు దండగ, రద్దీ, ఎవర్నీ రావద్దనండి, డబ్బూ ఓపికా దాచుకుని ద్వీపం ఊరి దాకా ఆగమనండి అని."

"ఆగమన్నారా."

"ఆయనకి నోట మాట రాలేదు. అంత శ్రద్ధగా విన్నాడు. చివరికి 'చాలా సంతోషమండీ' అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తాడేమోనని చూస్తున్నా."

"చెయ్యడు."

"నీకెలా తెలుసు?"

"వదినా! దర్జీని వచ్చా, ఉన్నారా? ఇదిగోండి, అయిపోయింది. చొక్కా చేతులు పొట్టి చేశా, ప్యాంటు కింద మడత పెట్టా."

"హమ్మయ్య, వచ్చావా! ఇలా ఇయ్యి, ఇలా ఇయ్యి."

"కుట్టు మిషను పనులన్నీ పక్కన పెట్టి ముందు ఇదే చేశా వదినా. ఏం రంగండీ బాబూ! కొట్టు ముందు కాసేపు తగిలిస్తే రోడ్డు మీద బళ్ళు ఆగిపోయాయి. అన్నయ్యా, మీకు చూపించలేదా? వీపు మీద ఇంతింత అక్షరాలు, నాలుగు భాషల్లో. నన్నడగండి, నన్నడగండి, నన్నడగండి, నన్నడగండి అని."

"ఏంటయ్యా దర్జీ, ఏంటిది?"

"చొక్కా అన్నయ్యా."

"చొక్కా అని కనపడుతోందయ్యా! జేబు మీద ఈ బొమ్మేంటి?"

"ఏదో వంతెన... వదినా, అన్నయ్యకి తెలీదా?"

"ఇప్పుడు తెలుస్తుంది."

"అయితే నేను వెళ్ళొస్తా. బొత్తాం కుట్టాలి."

"ఏ బొత్తాం? ఉండవయ్యా!"

"ఏదో ఒక బొత్తాం అన్నయ్యా!"

"...వెళ్ళిపోయాడు. ఏమోయ్, ఇది మూడు కమానుల వంతెన."

"అవును. మూడు కమానులుంటే వంతెనల ఊరి గుర్తు అని మీరే చెప్పారు."

"ఇది నీ దగ్గరకెలా వచ్చింది?"

"పోస్టులో. క్రీడలకి వచ్చేవాళ్ళకి దారి చూపించడానికి మనుషుల్ని తీసుకుంటున్నారు. నన్ను తీసుకున్నారు. ఆ చొక్కా వేసుకుని దిగిన ఫోటో పంపమన్నారు, మెళ్ళో వేసుకునే కార్డుకి. అందుకే ఇంతసేపూ ఆగమన్నది."

"నిన్నా?"

"నన్నే."

"దారి చూపించడానికా? మొన్న కొత్త బజారుకెళ్ళి దారి తప్పి, నాకు ఫోన్ చేసింది నువ్వు కాదూ?"

"కొత్త బజారు గురించి మీరెప్పుడు చెప్పారు నాకు? వంతెనల ఊరు గురించైతే ఎనిమిదేళ్ళుగా చెప్పారు. పొద్దున టీ తాగుతూ, మధ్యాహ్నం భోంచేస్తూ, పడుకునేముందు దుప్పటి కప్పుకుంటూ. రాయి కూడా నేర్చేసుకునుండేది."

"పరీక్ష పెట్టలేదా?"

"పెట్టారు, ఫోన్లో, తెలుగులోనే. స్టేషన్లో దిగినవాళ్ళు ఈత పోటీలకి ఎలా వెళ్ళాలి అన్నాడు. ట్రాము ఎక్కి, గడియారం స్తంభం దగ్గర దిగి, వంతెన దాటి, కుడి పక్కకి తిరిగి, రొట్టెల కొట్టు సందులోంచి వెళ్తే మూడో గేటండీ అన్నాను."

"ఎడమ పక్కకి."

"కుడి పక్కకి."

"ఎడమోయ్! నాకు చెప్తున్నావా?"

"ఎడమ పక్క ద్వీపం ఊళ్ళో. అక్కడా ఒక వంతెన ఉంది, దాని అవతల ఎడమకి తిరగాలి. మీరు రెండూ కలిపేస్తున్నారు."

"నేనా... కలపడమా... ఉండు. గడియారం స్తంభం. ట్రాము. వంతెన. తర్వాత..."

"తర్వాత కుడి. ఆ ఫోను ఆయన ఆశ్చర్యపోయాడండీ. ఇంత బాగా ఎలా తెలుసమ్మా, మీరు ఎప్పుడైనా వచ్చారా అన్నాడు. లేదండీ, మా ఆయన అక్కడే ఉంటారు అన్నాను."

"అంత అబద్ధం ఎలా ఆడావే!"

"అబద్ధమేముంది? ఇంట్లో వాన నీళ్ళకి గిన్నెలు పెట్టుకుంటూ తిరిగిన రోజు మీరు వంతెనల ఊళ్ళోనే ఉన్నారు. నేను జ్వరంతో పడుకున్నప్పుడు మందిచ్చి, ఆ చేత్తోనే ద్వీపం ఊళ్ళో నీళ్ళ బస్సులు ఎన్ని గంటలకో చెప్పారు. ఇప్పుడేమో ఎడారి ఊరికి మకాం ఎత్తేస్తున్నారు. నాకు తెలీదా మీరెక్కడుంటారో? ఊళ్ళో అందరికీ పాస్‌పోర్టు ఫోటోలు తీసిన చెయ్యి మీది. పక్క వీధి మందుల కొట్టాయన వెళ్ళొచ్చాడు, స్కూలు టీచరమ్మ వెళ్ళొచ్చింది. ఆ గోడ మీద మీ ఫోటో ఒక్కటి చూపించండి."

"సరేనోయ్, ఒప్పుకుంటా. కానీ నువ్వు చేసింది మాత్రం బాలేదు. విద్య నేర్పిందెవరు? నేను. నీకొక్కదానికే దరఖాస్తు పెట్టుకుంటావా? నాకూ ఓ మాట చెప్పుంటే, ఈపాటికి దారి చూపించేవాళ్ళందరికీ నన్ను పెద్దని చేసుండేవాళ్ళు!"

"మీకే ముందు పెట్టాను."

"పెట్టావా?"

"మీకు పెట్టాకే నాకు పెట్టుకున్నాను. ఎలాగూ నాకు రాదనుకున్నా."

"మరి నాకు ఫోన్ రాలేదే!"

"వచ్చింది."

"ఎప్పుడు? నేను ఎత్తకుండానా?"

"ఎత్తారు. అవతలాయన చాలా మర్యాదస్తుడు. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు."

"...ఆయనా?"

"ఆయనే."

"అయ్యబాబోయ్."

"ఊఁ."

"వాళ్ళ ఊరికి ఎవర్నీ రానివ్వద్దని వాళ్ళకే చెప్పానా?"

"చెప్పారు."

"రద్దీ అని కూడా అన్నానే!"

"ఆ రద్దీకి దారి చూపించే ఉద్యోగమండీ అది."

"అభిప్రాయం అడుగుతున్నాడనుకున్నా!"

"అడగనిస్తేగా! క్రీడలు అన్న మాట చెవిన పడగానే మీరెత్తుకునుంటారు. పాపం ప్రశ్నల కాగితం చేత్తో పట్టుకుని అలాగే కూర్చునుంటాడు."

"నవ్వు. పకపకా నవ్వు. దర్జీని కూడా పిలువు, ముగ్గురం నవ్వుదాం."

"నవ్వు రావట్లేదు. వాళ్ళ జవాబు వచ్చిన రోజు ఏడుపొచ్చింది. ఇద్దరం వెళ్దామనుకున్నానండీ."

"నీకు ఆటలంటే పడదుగా."

"పడదు. ఎవరు ముందు పరిగెత్తితే నాకేంటి? కానీ మీరు చెప్తుంటారు చూడండి, కళ్ళు మూసుకుని, చేతులు తిప్పుతూ... అదంతా ఎదురుగా నిజంగా జరుగుతుంటే మీ మొహం ఎలా ఉంటుందో చూడాలనుంది. ఒక్కసారి. ఎడారి ఊరి దాకా ఆగలేను నేను."

"..."

"మాట్లాడండి. రోజంతా మాట్లాడతారుగా."

"భయమేస్తుందోయ్."

"విమానమంటేనా?"

"విమానమంటే కాదు. ఎదురుచూస్తున్నన్నాళ్ళూ ఆ ఊరు నాది. నాకంటే బాగా ఎవడికీ తెలీదు. అక్కడికెళ్తే నేనెవర్ని? ఎక్కడో పై వరసలో, ఎవడిదో బట్టతల వెనకాల కూర్చున్న ముసలోణ్ణి. చూసేస్తే అయిపోతుంది. అయిపోయాక ఇంటికొచ్చి... ఏం చేస్తాను?"

"కుళాయి బాగు చేయిస్తారు."

"నేను నిజం చెప్తుంటే వేళాకోళమా?"

"నేనూ నిజమే చెప్తున్నా. సాయంత్రాలు నాకు పనుండదు, సీటు దొరుకుతుంది. బట్టతల వెనకే కూర్చుందాం. నాకేం ఇబ్బంది లేదు."

"నేను రానంటే?"

"నేను వెళ్తాను. చేతులు పొట్టి చేయించుకున్నాక ఇంక ఆగేది లేదు."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. మీ స్వెట్టరు కూడా పట్టుకెళ్తాను. ఒకటి ఉతికినప్పుడు రెండోది ఉండాలిగా."

"...వెళ్ళి ఆ చొక్కా వేసుకురా."

"ఫోటో తీస్తారా?"

"తియ్యక? నా పెళ్ళాం ఫోటో ఇంకో స్టూడియోలో తీయించుకుంటుందా? వెళ్ళు, ఆ పరదా వెనక మార్చుకో."

"...ఎలా ఉంది?"

"వెనక్కి తిరుగు. నన్నడగండి."

"చదవమన్లేదు. ఎలా ఉందీ అన్నాను."

"కళ్ళు చెదిరిపోతున్నాయి. కూర్చో. గడ్డం దించు. నవ్వకు."

"నవ్వట్లేదండీ."

"పెదాలు నవ్వట్లేదు, కళ్ళు నవ్వుతున్నాయి. కార్డుకి పనికిరాదు. ఆఁ... అయిపోయింది."

"దిగనా?"

"దిగు. దిగి ఇటురా. ఈ బొత్తాం నొక్కడం తెలుసుగా?"

"ఎందుకు?"

"నేను స్టూలు మీద కూర్చుంటా. పాస్‌పోర్టు సైజు తియ్యి."

"...నిజంగానా?"

"మాట్లాడకుండా తియ్యి, మనసు మారకముందే. ఈ స్టూలు ఇంత ఎత్తుంటుందని ఎవ్వరూ చెప్పలేదే నాకు! జనం ఇంతకాలం ఎలా కూర్చున్నారు?"

"కదలకండి. గడ్డం దించండి. ఇంకొంచెం. ఏ ఊళ్ళో ఉన్నారిప్పుడు?"

"ఇక్కడే ఉన్నా. స్టూలు మీద."

"ఎడారి ఊరి వైపు వెళ్తున్నాయి మీ కళ్ళు."

"లేదోయ్. నిన్ను ఒక మాట అడుగుదామని చూస్తున్నా."

"ఫోటో అయ్యాక అడగండి."

"ఇప్పుడే అడగాలి. వీపు మీద రాసుకున్నావు కాబట్టి అడుగుతున్నా. మూడో గేటుకెళ్ళాలంటే... వంతెన దాటాక కుడి పక్కకా అన్నావ్?"