దానంతటదే నడిచే ఇల్లు

పగలు పన్నెండు దాటింది. విడాకుల్లో ఇల్లు దక్కించుకున్నాయన హాల్లో నిలబడి, పైపులూ ట్యాపులూ అమ్మే షాపులో పనిచేస్తున్న మాజీ భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పక్కన అమ్మకం కాగితాలతో వచ్చిన బ్రోకరు.

“...చీలమండల దాకా వచ్చాయి నీళ్ళు. వాల్వు ఎక్కడుందో చెప్పు, చాలు.”

“ఏ వాల్వండీ? ఇంట్లో అయిదున్నాయి.”

“నీళ్ళు ఆపే వాల్వు.”

“అన్నీ ఆపేవే. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?”

“బాత్రూం గోడలోంచి. నిన్న ప్లంబరు పగలగొట్టి వెళ్ళాడు, ఇవాళ ఫోనెత్తడం లేదు.”

“వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా?”

“చెయ్యి పెట్టి చూడమంటావా?”

“చూడండి. నేను ఆగుతాను.”

“...చన్నీళ్ళు.”

“అయితే పాత ఇనప పైపు. మార్పిద్దామని అయిదేళ్ళ కిందటే చెప్పాను. గోడలో ఉన్నదాన్ని గోడలోనే ఉండనీ అన్నారు.”

“నేనా?”

“పేపరు చదువుతూ అన్నారు. ఒక్క నిమిషం... అరంగుళమా, ముప్పావంగుళమా? తెలీదా?”

“ఎవరితో మాట్లాడుతున్నావు?”

“కస్టమరు. పాపం, ఆయన ఇంట్లో పైపు సైజు ఆయనకి తెలీదు. వాళ్ళావిణ్ణి అడిగి రమ్మన్నాను.”

“ఇక్కడ సోఫా కాళ్ళు మునుగుతున్నాయి. వాల్వు!”

“మేడ మీద ట్యాంకు దగ్గర ఒకటుంది.”

“అది కట్టేస్తే ఆగుతాయా?”

“ఆగవు. దాని పిడి ఊడిపోయింది. మీకు చూపించాను కూడా.”

“సార్, నా చెప్పులు తేలుతున్నాయి. సంతకం సంగతి...”

“ఉండవయ్యా.”

“ఎవరండీ అది?”

“బ్రోకరు. ఇల్లు అమ్మేద్దామా అని... ఇంకా ఏమీ అనుకోలేదులే. మరీ తక్కువకి అడుగుతున్నారు. ఈ నీళ్ళొక్కటి ఆగితే నేనే ఉంచుకుంటా.”

“అమ్మకండి. మంచి ఇల్లు.”

“అంటే, ఉంచుకోమంటావా?”

“పైపు మార్పిస్తే సరిపోతుంది. బాత్రూం ఒక్కదాంతో పోదు లెండి, వంటింటి దాకా ఒకటే లైను. నేల తవ్వాలి. తవ్వితే టైల్సు పగులుతాయి. ఆ రంగు ఇప్పుడు రావడం లేదు, మా షాపులోనూ లేదు. హాలంతా కొత్తవి వేయించుకోవాలి.”

“హాలంతా?”

“ఈలోగా వానలొస్తాయి. మేడ మీద పూత వేయించారా?”

“ఏం పూత?”

“రెండేళ్ళకోసారి వేయించేదాన్ని. పడగ్గదిలో పైన మరక కనపడలేదా?”

“నీడ అనుకున్నాను.”

“వెనక తలుపు గడప నొక్కి చూడండి, వేలు లోపలికి పోతుంది. చెద. దానికి ఏటా మందు కొట్టించాలి.”

“ఇవన్నీ ఎప్పుడు చేయించావు?”

“మీరు ఆఫీసులో ఉన్నప్పుడు.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“పోనీలెండి. పెద్దమనుషుల ముందు మీరే చెప్పారుగా. ఇల్లు దానంతటదే నడుస్తుంది, ఈవిడ చేసిందేముంది, వాటా దేనికి అని. పధ్నాలుగేళ్ళు కాపురం చేశాను. అక్కడ మా అన్నయ్య కూడా తల దించుకున్నాడు.”

“అది లాయరు అలా అనమన్నాడు.”

“బాగా చెప్పారు. నేనే నమ్మబోయాను.”

“సార్, కొనేవాళ్ళు ఒంటిగంట దాకానే చూస్తామన్నారు. తర్వాత వేరే ఇల్లు చూసుకుంటారట. ఇది ఉన్నదున్నట్టుగా తీసుకుంటామన్నారు.”

“ఉన్నదున్నట్టంటే? ఈ నీళ్ళతో సహానా?”

“నీళ్ళతో సహా సార్.”

“విన్నావా? నీళ్ళతో సహా కొనే వెర్రివాడెవడో దొరికాడు.”

“తొందరపడకండి. పైపు, నేల, పూత, చెద. అవి అయితే ఇక మోటారు ఒక్కటే.”

“మోటారుకేమైంది?”

“ఇంకా ఏమీ కాలేదా?”

“...పెన్నియ్యవయ్యా.”

“వద్దంటున్నాను.”

“నువ్వు వద్దన్నావంటే పెట్టాల్సిందే. ఎక్కడయ్యా, ఇక్కడా?”

“ఇక్కడ సార్. ఆ పేజీలో కూడా. ఒకసారి చదువుకుంటారా?”

“ఏం చదవను, కాగితాలు తడుస్తుంటే? ఇదిగో, పెట్టేశాను. హలో? విన్నావా, వదిలించుకున్నాను.”

“రెండు చోట్లా పెట్టారా?”

“పెట్టా... రెండు చోట్లని నీకెలా తెలుసు?”

“కాగితాలు ఆయన సంచిలో పెట్టుకున్నాడా?”

“పెట్టుకున్నాడు. గుమ్మం దాటాడు కూడా. అసలు నువ్వు...”

“వంటింట్లోకి నడు. సింకు కింద తలుపు తియ్యి. డబ్బాలు పక్కకి జరుపు. వెనక గోడకి ఎర్ర పిడి ఉంటుంది.”

“...ఉంది. ఇందాకట్నుంచీ తెలుసా నీకు? తెలిసే నాన్చావా?”

“కుడివైపుకి తిప్పు. మెల్లగా, బలం పెట్టకు. అది విరిగితే ఇప్పుడు కొత్తది నేను కొనుక్కోవాలి.”