కిటికీ పక్క కవర్లు

సభ నడిపిస్తున్న మేనేజర్ హరిణి మేడమ్‌కి, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటా వచ్చిన పెద్దలకి, గోడకానుకొని నిలబడిన మా సర్వీసు పిల్లోళ్లకి, ముందు వరసలో కూర్చున్న ఆవులప్పన్న ఇంటామె భాగీరథమ్మ వదినకి నమస్కారం. ఈ పొద్దు రిటైరవుతున్న మా కెప్టెన్, ఈ హాల్లో వడ్డించేవాళ్లందరికీ పెద్ద, ఆవులప్పన్నకి ఇంకొక నమస్కారం ఎక్కువ.

నేను ఎనిమిదిలోనే బడి వదిలేసినోణ్ని, ఒకచోట కాలు నిలవనోణ్ని. చిక్కపేటలో బట్టల మూటలు మోసి, కాడుగోడిలో ఒక అంగట్లో కూర్చుని, అదీ విసుగు పుట్టి ఈ హోటల్‌కి వచ్చిన మొదటి దినం, అన్న నాతో "ఆ టేబుల్‌కి రెండు కవర్లు వెయ్యప్పా" అంటే, పరిగెత్తుకొని పోయి రెండు ప్లాస్టిక్ కవర్లు తెచ్చి పరిచి, గాలికి ఎగరకుండా ఉప్పుడబ్బా పెట్టి వచ్చినాను. (నవ్వులు) అన్న మాత్రం నవ్వలేదు.

"కవరంటే సంచి కాదప్పా, ఒక మనిషికి జాగా. ఎడమపక్క ఫోర్కు, కుడిపక్క చాకు, దాని పదును ప్లేటు తట్టు ఉండాల. ముందు కుర్చీలో మనిషిని చూడు, ఆమీట చెంచా పెట్టు."

"లేని మనిషిని ఎట్ల చూసేదన్నా?"

"కండ్లు ఉండాయి కదప్పా."

మధ్యాహ్నం భోజనాలైపోయి, హాలు ఖాళీగా, కిటికీ ఎండ చెంచాల మీద నిద్రపోతున్నట్టు పడి ఉన్నప్పుడు, మేమిద్దరం కుర్చీకొక మనిషిని మనసులోనే పిలుచుకొనేవాళ్లం. నేను పిలిచేది రైలు డ్రైవర్లని, ఓడలెక్కినోళ్లని. చెంచా గుంటలో హాలంతా తలకిందులై, దీపాలు నేలమీద పూసినట్టుండేది. అది చూస్తా చూస్తా, పని వదిలి పోదామనుకున్న దినాలే నన్ను వదిలి పోయినాయి.

కిటికీ పక్క కుర్చీకి మాత్రం అన్న ఎప్పుడూ ఒకే మనిషిని పిలిచేవాడు. "నీలం చీర కట్టుకొనుండాది. చేత్తోనే తింటాది, వేళ్లు కడిగే గిన్నె పెట్టు."

"ఎవరన్నా ఆమె?"

"వస్తాది లేప్పా."

(ముందు వరస తట్టు తిరిగి) వదినమ్మా, ఇందాక మీరు నీలం చీరలో లోపలికొస్తే, ఆ కుర్చీ మనిషి ఎవరో నాకు ఎవరూ చెప్పే పని లేకపోయింది.

అన్నా, ఇన్నేండ్లు కుర్చీ లాగి అందరినీ కూర్చోబెట్టినావు, నువ్వొక్కసారీ కూర్చోలేదు. నువ్వు పోతే నేనూ పోదామని నిన్న బ్యాగు సర్దుకున్నాను. మళ్లా, మీ ఇద్దరికీ వడ్డించేదానికి ఒకడుండాల కదా అనిపించి ఆగిపోయినాను. మేడమ్‌ని అడిగి, కిటికీ పక్క రెండు కవర్లు వేసినాను. వదినకి వేళ్లు కడిగే గిన్నె పెట్టినాను, సూపు పోసినాను. చాకు పదును ఎటుందో నువ్వే చూసుకో.

విన్నోళ్లందరికీ వందనాలు. రాన్నా, వచ్చి కూర్చో. సూపు చల్లారిపోతాంది, నాకింక సెలవు.