ఎనక బెంచీల మీద ఏలాడిన మైకు

ఏందే ఆశా, మొఖం గట్ల ముడుసుకొని కూసున్నవ్? జెర ఇటు జరుగు, ఎండ కొడుతుంది నీ మీద. ఏదీ, నిన్న రికార్డు చేసింది మల్లొక్కసారి ఎయ్యి. ఆ, ఇన్న ఇన్న. పాట సగం దాక మంచిగనే ఉన్నది, డప్పులు అందుకున్నకాడికెల్లి మొత్తం గరగర, గోనెసంచి చింపినట్టు. ఏమంటవ్, ఫోన్ల సప్పుడు గీత ఎర్రదానికి తాకనే లేదా? తగ్గిచ్చే పెట్టినవా? అయినా పగిలిందా? నవ్వుతున్న అనుకోకు బిడ్డ. గీ గరగర నాకు ఎరికైన గరగర. మీ స్టీవెన్ తాత బతికున్నప్పుడు గిదే సప్పుడు మా ఇంట్ల ఒకనాడు పొద్దుగాలకెల్లి మధ్యాహ్నం దాక మోగింది. మా ఆయనను నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందే పాయె. బోధన్ బస్టాండు పక్కపొంటి గిప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్రు సూడు, గదే ఆయన క్యాసెట్ల దుకాణం. చెరుకు సీజన్ల గా దుకాణం ముందట ఎడ్లబండ్లు ఆగుతుండె, పాట అయిపోయేదాక కదలకపోయేటోల్లు. ఎనకున్న లారీ డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి ఆఖరికి ఆయన సుత దిగి ఇనుకుంట నిలవడేటోడు.

ఏం చెప్తున్న? ఆ, మైకు. బొంబాయికెల్లి తెప్పిచ్చిండు ఒక మైకు. ఇంతే ఉంటది, నా చిటికెన ఏలంత. లోపట బ్యాటరీ ఏస్తరు. ఇగ ఆయన మురిపెం సూడాలె. మా పెండ్లి నాటి తెల్ల దస్తీల సుట్టి పెట్టేటోడు, నన్ను సుత ముట్టనియ్యకపోయేది. వచ్చినోనికల్లా ఒకటే ముచ్చట, "సీమ నడిస్తే సుత పట్టుకుంటది." నాకైతే, "సువర్ణా, నువ్వు మనసుల తిట్టుకున్నా దీంట్ల పడతది, జాగ్రత్త" అనేటోడు. నేను మనసుల ఎందుకు తిడత, మొఖం మీదనే తిడుతుంటి.

గా ఏడు కోటగిరి చర్చి గుడిల పంట పండుగ రెండ్రోజులు చేసిన్రు. హనోకన్న డప్పుల జమాతు వచ్చింది. హనోకన్న అంటే, ఎట్ల చెప్పాలె, ఆయన డప్పు అందుకున్నడంటే సంకల నిద్రపోయే పోరలు లేసి ఎగిరేటోల్లు. పండుగ అయిందంటే జమాతంతా చెరుకు కొట్టవోతది, మల్ల ఏడాది దాక ఒక్కకాడ దొరకరు. అందరి ముందట మా ఆయన మాటిచ్చిండు, "హనోకన్న డప్పు క్యాసెట్ చేసి ప్రతి ఇంటికి చేరుస్త" అని. ఇగ కొత్త మైకు వచ్చిందని పాస్టరయ్య దానికి ప్రార్థన చేసిండు. బంతిపూల దండ ఏసిన్రు. అందరి ముందట, డప్పుల మూతి కాడ, స్టాండు మీద నిలవెట్టిన్రు. పెద్దమనిషొస్తే ముందల కుర్సీ ఏస్తం గద, గట్లనే. మా ఆయన సుత కాలర్ సదురుకొని మైకు పక్కన నిలవడ్డడు, పెండ్లికొడుకు తమ్మునోలె. రికార్డు మిషిన్ల సప్పుడు కొలిచే ముల్లు ఎర్రదాన్లకు పోతుంటే సప్పుడు తిప్పే నాబు తగ్గిచ్చిండు, ఇంకింత తగ్గిచ్చిండు. ముల్లు చెప్పినట్టే ఇన్నది. మొదటినాడు రాత్రి ఇంటికొచ్చి ఏసి సూస్తే గరగర.

పొద్దుగాల లేసి టేపుల తప్పన్నడు. టేపు మార్చిండు. మిషిన్ల మురికన్నడు, దూది తోని తుడిసిండు. కరెంటును తిట్టిండు, క్యాసెట్ అమ్మినోన్ని తిట్టిండు. తిట్టెతందుకు ఎవరు మిగల్లే, ఇగ హనోకన్న మీద పడ్డడు. కోటగిరి పోయేటోని తోని కబురు పంపిండు, "నీ డప్పు తోలు చినిగినట్టుంది, సూసుకో" అని. అరె, డప్పు కొట్టెటోనికి అనే మాటనా అది? ఆయన ఊకుంటడా? దొరికిన బస్సుకే దిగిండు, డప్పు భుజానికేసుకొని. మా వాకిట్ల నిలవడి, "ఏం స్టీవెనూ, ఏడ చినిగిందో ఏలు పెట్టి సూపియ్యి. ఇయ్యాల సుత నా డప్పు గిట్ల పలికితే నీ మైకు ఉన్నకాడ నేను డప్పు ముట్ట. జమాతుల ఎవ్వని ముట్టనియ్య" అన్నడు. పండుగల మిగిలింది ఆ మాపటి పూట ఒక్కటే. మా ఆయన మొఖం సున్నం కొట్టినట్టైంది. ఊరందరికి మాటిచ్చిండాయె.

నేను చాయ పోసి కూసోబెట్టిన ఇద్దర్ని. కొట్లాడేటోల్లకు చాయ పోస్తే జెర నోరు మూతవడతది, అంతకంటె ఏం లే. మా ఆయన క్యాసెట్ ఏసిండు. హనోకన్న చెవి పెట్టి ఇంటున్నడు. కొంచెం సేపు గరగర, మెల్లమెల్లగ సాఫైంది, మల్ల ఒక్కపారే గరగర. గక్కడ హనోకన్న మురిసిండు, "గిదిగో, గప్పుడే మంట కాడికి పోయి డప్పులు కాపుకొచ్చినం. తోలు బిగిసి ఖంగున ఎట్ల లేసిందో సూడు" అనుకుంట. మా ఆయన చెయ్యి కప్పు మీదనే ఆగింది. ఎనక్కి తిప్పిండు. "ఇక్కడనా కాపింది?" "అవ్." ఇంకా ముందలికి పోనిచ్చిండు. "ఇక్కడ?" "అక్కడ తోలు సల్లవడి డప్పు మెత్తగైంది. మల్ల కాపవోతున్నం." తోలు మెత్తగున్నకాడ సాఫ్. కాపి తెచ్చినకాడ గరగర. ముల్లు సూస్తే రెండుకాడల ఒక్క జాగలనే. మా ఆయన లేసి వాకిట్ల తిరుగుడు షురువు చేసిండు. "కాపినప్పుడల్లా నేను నాబు తగ్గిచ్చిన. ముల్లు ఎర్రదాన్లకు పోనే లే. అంటే నాబు దాక రాకముందే ఖరాబైంది. తూము కాడ గండి పడితే నేను మడి కాడ మట్టేస్తున్న సువర్ణా" అన్నడు. అంటే ఏందంటే, సప్పుడు మైకులనే పగిలింది. సీమ సప్పుడు పట్టే మైకు మూతి కాడ కాపిన డప్పు మోగిస్తే అది తట్టుకుంటదా?

అయినా అనుడే ఏంది, సూడాలె గద. గడ్డి మంటేసి డప్పు కాపిన్రు. మైకు పక్కన కొట్టిచ్చిండు, గరగర. "వాకిలి గల్మ దాక పో అన్నా" అన్నడు. హనోకన్న దూరం పోయినకొద్ది నాబు పెంచుతున్నడు, ముల్లును గదే జాగకు తెస్తున్నడు. "ఇంకింత ఎనక్కు." "ఇంకింత జరిగితే కోటగిరి బస్సు ఎక్కుడే" అన్నడు హనోకన్న, రోడ్డు మీదికెల్లి. ముల్లు గదే జాగల ఉన్నది. సప్పుడు నీల్లోలె సాఫ్.

గప్పుడు అయిపోయింది అనుకున్నం. పొద్దుమీకి గుడిల మైకును ఎనకకు జరుపుత అంటే పాస్టరయ్య ఒప్పుకోడు. "ప్రార్థన చేసి దండేసిన దాన్ని ఎనక కూసోబెడతవా స్టీవెన్? జనం ఏమనుకుంటరు?" మా ఆయన జెరసేపు నెత్తి గోక్కున్నడు. ఇగ చేసిండు సూడు ఒక పని. దుకాణంల చెడిపోయిన పాత మైకు ఉండె, లోపట ఏం లేదు, ఒట్టి డొల్ల. గదాన్ని దండేసి ముందల నిలవెట్టిండు. అసలు మైకును ఎనక మా ఆడోల్లం కూసునే బెంచీల మీద, దూలానికి దారం కట్టి ఏలాడదీసిండు. ఎవ్వరికి చెప్పలే, నాకు తప్ప. పాస్టరయ్య గొంతు సవరిచ్చుకొని, గా డొల్ల మైకు ముందట వంగి, "ఈ క్యాసెట్ వినుచున్న ప్రియ సహోదర సహోదరీలారా" అన్నడు. ఎంత ఒద్దికగ అన్నడనుకున్నవ్. నాకు నవ్వు ఆగలే బిడ్డ.

క్యాసెట్ తయారైనంక హనోకన్న దుకాణం అరుగు మీద కూసొని ఇన్నడు. చేతి ఏల్లు మోకాలు మీద దరువేస్తున్నయ్. అయిపోయినంక, "చినిగిందా?" అన్నడు. "నాదే తప్పన్నా" అన్నడు మా ఆయన. "ఇంకోపారి ఎయ్యి" అన్నడు హనోకన్న. చెరుకు కొట్టవోయేటప్పుడు తలా ఒక క్యాసెట్ పట్టుకపోయిన్రు.

ఆ క్యాసెట్ల డప్పులు లేసేకంటె ముందట ఒక ఆడామె నవ్వుతది. పెద్దగ, ఆపుకోలేక. దగ్గర్నే ఇనిపిస్తది, మైకు నెత్తి మీదనే ఉండె గద. "గది కోసెయ్, బాగుండదు" అని పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పిండో. మా ఆయన కొయ్యలే. దుకాణం తెరవంగనే రోజు గా క్యాసెటే ఏసేటోడు, నవ్వు అయిపోయినంక పాటల గిరాకీ సూసుకునేటోడు. నేను సద్ది పట్టుకపోతే నన్ను సూసి మల్ల ఎనక్కి తిప్పేటోడు, నా నవ్వుకు ఆ ముల్లు ఎగురుతుంటే సూసుకుంట...

నిన్న నీ మైకు ఏడ పెట్టినవ్ ఆశా? డప్పుల ముందటనేనా? మరి లే, దారం కావాల్నా?