శశికళ టీచరు సగం మాత్రలు

"గుమ్మడి పూలకు గొడుగెవరు పట్టారే, గున్నమావికి గాజులెవరు తొడిగారే..." ఆ తర్వాత ఏదో పిట్ట వస్తుందమ్మా, ఆ పిట్టకి ఎవరో ఏదో పెడతారు, అక్కడే తెగిపోతుంది నాకు. చిన్నప్పుడు పత్తి తీస్తూ పాడుకునేవాళ్ళం. ఆ పిట్ట సంగతి మొత్తం తెలిసినావిడ ఇక్కడే, అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరోలోనే ఉండేది, శశికళ టీచరని. నువ్వప్పుడు ఫిఫ్త్ గ్రేడ్, నీకు గుర్తుండదులే. ఇలా కూర్చో వర్షా. ఆ కత్తి పక్కన పెట్టు. తిట్టనమ్మా, మీ అమ్మమ్మని, నేనెందుకు తిడతాను. పేపర్ టవల్ మీద సగం మాత్ర కనపడేసరికి ఆవిడ గుర్తొచ్చింది, అంతే. కాలేజీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ సగమే వేసుకుంటున్నావా? రెండు వారాలా. ఊఁ. మత్తుగా ఉంటోందని. మనసు కుదుటపడిందిగా, ఇంక ఎందుకని. సరే, ఆవిడా అచ్చం ఇలాగే అంది, విను.

మనం అప్పుడు ఆ పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం కదా, లాండ్రీ రూమ్ పక్కన. శశికళ టీచరు వాళ్ళబ్బాయి జగదీష్ ఎదురు బిల్డింగ్. కోడలి పురిటికని వచ్చింది మే నెలలో. మెయిల్‌బాక్సుల దగ్గర బెంచీ మీద కూర్చునేవాళ్ళం ఇద్దరం. ఒకరోజు మీ అమ్మ పేరు మీద వచ్చిన ఉత్తరం తలకిందులుగా పట్టుకున్నాను నేను, చదువు రాదుగా. ఆవిడ చూసింది. నవ్వలేదు. "కోటమ్మా, రేపు పలక లేకపోయినా ఫర్వాలేదు, ఓ పెన్సిలు తెచ్చుకో" అంది. అరవై రెండేళ్ళు నాకప్పటికి. ముప్పయ్యేళ్ళు మూడో తరగతికి చెప్పిన చెయ్యి ఆవిడది. ఆ చెయ్యి కొంచెం వణికేది. అక్షరం రాసి చూపిస్తుంటే అదీ వణికేది, నేను ఆ వణుకుతో సహా దించేదాన్ని. ఇప్పటికీ నా 'అ' చూడు, చలి పట్టినట్టుంటుంది.

ఆ వణుకు మందు వల్లట. అది నాకొక్కదానికే చెప్పింది. ఇంట్లో మటుకు బీపీ మాత్ర అని చెప్పిందమ్మా. ఎందుకంటే, కొడుకు ఇంటర్ చదివేటప్పుడు ఈవిడకి ఓసారి మనసు చెదిరి, రెండు నెలలు ఆసుపత్రిలో ఉందట. కొడుక్కి పుట్టింటికెళ్ళిందని చెప్పారట. ఇప్పుడు ఆ సంగతి బయటపడితే కోడలు పసిబిడ్డని చేతికిస్తుందా? అదీ ఆవిడ భయం. మనవడి కోసం వచ్చి మనవణ్ణి ఎత్తుకోనివ్వకపోతే ఎలా అని.

మరి ఇండియా నుంచి వచ్చే మేమంతా మందులు ఎలా తెచ్చుకుంటామో నీకు తెలుసుగా. ఆర్నెల్లకి సరిపడా లెక్కపెట్టి, పచ్చళ్ళ పక్కన సూట్‌కేసులో సర్దుకొస్తాం. ఇక్కడ డాక్టరు దగ్గరికెళితే బోలెడు డబ్బవుతుందని హడలు. బిడ్డ నెల ముందే పుట్టాడు, బలహీనం, కోడలు నీహారిక ఇంకా తేరుకోలేదు. జగదీష్ ఏమో అమ్మా ఇంకో మూణ్ణెల్లుండు అని వీసా ఎక్స్‌టెన్షన్‌కి పెట్టేశాడు. ఆవిడ సంతోషంగా సరేనంది. తర్వాత డబ్బా తీసి చూసుకుంది. ఆర్నెల్ల మాత్రలు తొమ్మిది నెలలు రావాలి. నాకైతే బీపీ మాత్రలు అయిపోతే ఊరి నుంచి వచ్చేవాళ్ళెవరో ఒకరు తెచ్చేవాళ్ళు. ఆవిడ ఎవరితో తెప్పించుకుంటుంది? చీటీ మీద మందు పేరు చదివేస్తారుగా.

అందుకని సగం. ఆ సగం చేసింది ఎవరనుకున్నావు? నేనే. వాళ్ళింట్లో కత్తితో కోస్తే పొడైపోతోందని, కోడలు చూస్తుందని, బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి మన వంటింట్లో పెట్టింది. నా దగ్గర వక్కలు కత్తిరించే అడకత్తెర ఉందిగా. టక్కున పడేది, రెండు సమంగా. ఇంత చక్కగా కోశానని మురిసిపోయాను కూడా. సగం అన్నం తింటే సగం ఆకలి తీరుతుంది కదా, మందూ అంతేననుకున్నాను. డబ్బాలో మాత్రల కింద మడత కాగితం ఒకటుండేది. ఇదేంటి టీచరూ అంటే, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రాశాడులే అంది. వాళ్ళూరి డాక్టరు ఆవిడ దగ్గర మూడో తరగతి చదివినవాడేనట. వాడికి ఎక్కాలు నేర్పింది నేను, ఇప్పుడు వాడు నాకు లెక్క చెబుతాడు అని నవ్వింది.

మొదట్లో ఏం కాలేదమ్మా. కాకపోగా, బాగుంది. అదే నాకిప్పటికీ అంతుబట్టదు. చేతి వణుకు తగ్గింది. మొహంలో కళ వచ్చింది. ఆ పిట్ట పాట మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది ఆవిడకి, బెంచీ మీద చప్పట్లు కొడుతూ పాడింది. నాకు ఒత్తులు రెండ్రోజుల్లో చెప్పేసింది. ఆ పాట ఆవిడదా, జబ్బుదా? ఆవగింజంత మాత్రలో సగం, అందులో ఏముంటే మనిషి అంత మారుతుంది? నువ్వు బయాలజీ చదువుతున్నావుగా, తెలిస్తే చెప్పు.

తర్వాత మాట వేగం పెరిగింది. నిద్ర పట్టట్లేదు, హాయిగా ఉంది అనేది. లాండ్రీ రూమ్‌లో ఎవరెవరివో బట్టలన్నీ మడతలు పెట్టేసింది. అప్పుడైనా అడగాలిగా నేను. అడగలేదు. అక్షరాలు చెబుతోందిగా, బాగానే ఉందనుకున్నాను. నవంబర్‌లో ఓ పొద్దున చూద్దును కదా, పార్కింగ్‌లో నిలబడి కార్లకి హాజరు పిలుస్తోంది. నంబర్ ప్లేటు చూడటం, ఓ పేరు పెట్టడం, పలకలేదని కసరటం. "వెనక వరస, లేచి నిలబడండి" అంటోంది. పక్కన స్ట్రోలర్ బండిలో బిడ్డ, నెత్తిన టోపీ లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి. నేను పరిగెత్తి వాణ్ణి నా శాలువాలో చుట్టుకున్నాను. నన్ను చూసి ఆవిడ, ఆలస్యంగా వచ్చావు, బయటే ఉండు అంది. బిడ్డకేం కాలేదులే. ఎవరో ఫోన్ చేశారు, అంబులెన్స్ వచ్చింది.

ఆసుపత్రిలో ఏం మందులు వాడుతుందని అడిగితే, జగదీష్ బీపీకి ఒకటే అన్నాడట. పాపం వాడికేం తెలుసు. డబ్బా నా దగ్గర. చెప్పనని మాటిచ్చింది నేను. వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి ఆ మడత కాగితం విప్పాను. పక్కన ఎవరూ లేకుండా నేను చదివిన మొదటిది అదే తల్లీ. కూడబలుక్కుని చదివేసరికి టీ మరిగి పొంగిపోయింది. "టీచరు గారూ, బాగున్నా సరే, నన్ను అడగకుండా తగ్గించవద్దు, ఆపవద్దు. ఏ దేశం నుంచైనా ఫోన్ చెయ్యండి." కింద నంబరు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. అదీ ఆవిడకి తెలుసు, నాకు తెలీదు.

డబ్బా తీసుకెళ్ళి జగదీష్ చేతిలో పెట్టాను. సగాలు చూసి ఎవరు కోశారన్నాడు. నేనేనన్నాను. డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. కోడలు మాత్రం, చెప్పి ఉంటే నేనే తీసుకెళ్ళి చూపించేదాన్ని కదా ఆంటీ అని ఏడ్చింది. చూశావా, ఎవరికి భయపడిందో ఆ పిల్లే.

మూడు వారాలకి కుదుటపడి ఊరెళ్ళిపోయింది. అక్కడ రెండేళ్ళు మందు సరిగ్గానే వేసుకుందట, తర్వాత గుండెపోటుతో పోయింది. పాట సంగతి అడగలేకపోయాను. వర్షా, నీ ఫోన్ ఇలా దగ్గర పెట్టుకో. నీ డాక్టరు వాళ్ళ అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాతైతే ఏం, మత్తుగా ఉంటోంది, ఇలా సగం చేశానని ఈ పూటే అడగొచ్చుగా వాళ్ళని. తగ్గించమంటే వాళ్ళే తగ్గిస్తారు. నేను పక్కనే కూర్చుంటాను.

టీచరు ఊరెళ్ళే రోజు కారెక్కుతూ ఆ మడత కాగితం నా చేతికిచ్చింది, చదవమంది. చెయ్యి మళ్ళీ వణుకుతోంది. నేను మెల్లిగా, నాలో నేను గొణుక్కుంటున్నట్టు చదివాను. చివరిదాకా విని తలూపింది. "తప్పు లేకుండా చదివావు కోటమ్మా. ఈసారి గట్టిగా చదువు, వెనక బెంచీకి వినపడాలి."