మామగారి మొక్క

మొక్కల దుకాణం ఇంకా పూర్తిగా తెరవనేలేదు. అంచు విరిగిన నీలం కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని ఒకతను దుకాణం ఆవిడ ముందు నిలబడ్డాడు.

“అమ్మా, దీన్ని ఎలాగైనా బతికించండి. సాయంత్రానికి మా మామగారు ఊర్నుంచి దిగిపోతారు.”

“ఇలా మాడ్చేశారేంటి బాబూ?”

“ఉష్ణమండలం మొక్క, జాగ్రత్త అల్లుడూ అని చెప్పి వెళ్లారు. వేడి చాలక ఎక్కడ చస్తుందోనని మిద్దె మీద రేకుల పక్కన పెట్టాను.”

“ఉష్ణమండలమంటే పెనం కాదు బాబూ! భూమి నడుం చుట్టూ ఉండే ప్రాంతాలు. ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది, నిజమే. కానీ చాలాచోట్ల జోరు వానలూ, పెద్ద చెట్ల నీడా ఉంటాయి. ఇది ఆ నీడలో పెరిగేది.”

“ఆ ముక్క ఆయన చెప్పలేదే! పోనీ, అచ్చం ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి. కానీ ఆయన తన పెళ్లైన కొత్తలో తెచ్చుకున్నారట, ఆకు ఆకూ తెలుసట. గుర్తుపట్టేస్తారేమో!”

“పట్టరు లెండి.”

“అంత ధీమాగా చెప్తున్నారేంటి?”

“పోయిన వేసవిలో మీ అత్తగారు కూడా ఇదే కుండీ పట్టుకుని ఇలాగే పరిగెత్తుకొచ్చారు. ఆవిడా మిద్దె మీదే పెట్టారట. ఆ కుండీ ఇటివ్వండి, దానికిది అలవాటే.”