నట్టు మీద దారమంత గీత

ఈ వాంగ్మూలంలో రాసింది రెండుసార్లు చదివాను సార్జెంట్ గారూ. సంతకం పెట్టను. ముందు కూర్చోండి. ఆ టైరు మీద వద్దు, ప్యాంటుకి మసి అంటుకుంటుంది. ఇదిగో కుర్చీ.

ఏమని రాశారిందులో? "చక్రం నట్లు పనివాడు సరిగ్గా బిగించలేదు." ఎవరు చెప్పారు మీకు? మా కొట్లో పనిచేసే మిస్నాన్ బాబాయే ఒప్పుకున్నాడా? ఆయన దేనికి ఒప్పుకోడు చెప్పండి. మీ యూనిఫాం కనబడితే చాలు, చేతులు కట్టుకుని "అవునండీ" అంటాడు. నిన్న తైపింగ్‌లో వాన కురిపించింది నువ్వేనా అని అడిగి చూడండి, దానికీ అవుననే అంటాడు. జావా నుంచి ఈ దేశానికి వచ్చి ఇరవై రెండేళ్లు. పని పర్మిట్ గడువు తీరి ఏడాదిన్నర. అలాంటి మనిషి నోట్లోంచి ఒప్పుకోలు లాగడం కూడా ఒక దర్యాప్తేనా?

లేదు, నేనేం అరవడం లేదు. నా గొంతే ఇంత.

సరే, వాదన కోసం మీ మాటే నిజమనుకుందాం. నట్లు బిగించలేదు. బిగించని చక్రం ఎంత దూరం పోతుంది? ఈ వీధి చివర సిగ్నల్ కూడా దాటదు. ఇక్కడ చక్రాలు వేయించుకున్నాక హిల్మీ కారు తొమ్మిది రోజులు తిరిగింది. ఈపో ఊరికి రెండుసార్లు వెళ్లొచ్చింది. దీనికేమంటారు?

పైగా మూడోరోజు హిల్మీ మళ్లీ కొట్టుకి వచ్చాడు. నేనే రమ్మన్నాను. కొత్త చక్రాలు వేశాక వంద కిలోమీటర్లు తిరిగి రావాలి, నట్లు మళ్లీ బిగించాలి, అది పద్ధతి. బాబాయి కొలత రెంచి పట్టుకుని ఒక్కో చక్రం దగ్గరా కూర్చున్నాడు. ఆ రెంచి సరిపడా బిగువు రాగానే టక్కుమంటుంది. ఇరవై నట్లు, ఇరవై టక్కులు. ఈ కౌంటర్ దగ్గర నిలబడి లెక్కపెట్టాను. చెవులు నావి, సాక్ష్యం నాది. రాసుకోండి.

మరి చక్రం ఎందుకు ఊడిందంటారా?

అదీ ప్రశ్న. పొద్దుటినుంచి మీరు అడగాల్సింది అదే.

హిల్మీ వచ్చిన రోజు మధ్యాహ్నం ఇక్కడ ఐదారుగురు మగవాళ్లున్నారు. రోజూ ఉంటారు. ఏదీ కొనరు, ఐసు టీ పోసిన ప్లాస్టిక్ సంచులు వేలికి తగిలించుకుని నిలబడి నాకు వ్యాపారం నేర్పుతుంటారు. హిల్మీ మీకు తెలుసుగా, ఆ పాత తెల్ల జపాను కారు. స్నేహితుడి పెళ్లి ఊరేగింపుకి కారు మెరిసిపోవాలని వెడల్పు చక్రాలు కొన్నాడు. చక్రం బయటి కంపెనీది, కారు ఇంకో కంపెనీది. అలాంటప్పుడు మధ్యలో వేసే సామాను ఎంచడమే అసలు పని. చక్రం నడిమి బొక్క పెద్దది, కారు ఇరుసు బొడిపె చిన్నది. ఆ సందు పూడ్చడానికి రింగు వేయాలి. రింగు నేనే ఎంచాను, వెంట్రుక వాసి తేడా లేకుండా. కావాలంటే మీ నిపుణుడికి చూపించుకోండి.

తర్వాత నట్లు. హిల్మీ ఆ గాజు పెట్టె వైపు వేలు చూపించాడు. "అక్కా, ఆ వంకాయరంగువి బాగున్నాయి."

"పెళ్లికూతురివా నువ్వు, పెళ్లికొడుకు స్నేహితుడివా?" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. హిల్మీ కూడా నవ్వాడు పాపం. "ఆ రంగు నట్లు బొమ్మకార్లకి తమ్ముడూ. నా దగ్గర ఒరిజినల్ జపానువి ఉన్నాయి" అని ఈ డబ్బా తీశాను. అక్కడి పాత కార్లు సగానికి కోసి కంటైనర్లలో వస్తాయి కదా, వాటి నుంచి విప్పినవి. మా నాన్న కొట్టు బోర్డు మీద కూడా 'ఒరిజినల్' అనే రాయించాడు. ఒరిజినల్ అంటే ఈ ఊళ్లో ఇక మాట లేదు. నవ్వకండి. పోయిన నెల మీ మోటార్‌సైకిల్ కార్బురేటర్ కోసం వచ్చి మీరెన్నిసార్లడిగారు, "ఒరిజినలేనా రోహయా, ఒరిజినలేనా" అని?

చెయ్యి చాపండి. చాపండి, కరవదు. ఇది ఆ డబ్బాలో నట్టు. దీని మొన మీద వేలు పెట్టి చూడండి. గుండ్రంగా ఉంది కదూ, గోళీలాగా. ఇప్పుడు ఈ వంకాయరంగుది పట్టుకోండి. మొన ఏటవాలుగా ఉంది, గరాటులాగా. ఇప్పుడు ఈ చక్రం చూడండి, హిల్మీ కొన్నలాంటిదే. దీని నట్టు బొక్క కూడా గరాటే.

నట్టు మొనకి గ్రీజు రాసి బొక్కలో పెట్టండి. గట్టిగా తిప్పి బయటికి తీయండి. ముందు వంకాయరంగుది. చూశారా, మొన చుట్టూ గ్రీజంతా తుడుచుకుపోయింది. అంటే ఒళ్లంతా ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు ఒరిజినల్‌ది. తిప్పండి. ఆ, తీయండి. ఎంతమేర తుడుచుకుపోయింది?

దారమంత. ఒక్క గీత.

ఆ గీత మీదే ఆ చక్రం నిలబడింది. దాని మీద కారు, కార్లో హిల్మీ. రెంచి టక్కుమంటుంది, అబద్ధం చెబుతోందని దానికేం తెలుసు? రోజురోజుకీ ఆ గీత అరుగుతుంది, నట్టు వదులవుతుంది. తొమ్మిదో రోజు ముందు ఎడమ చక్రం ఊడింది. రోడ్డు పక్కకి దూకి, వేయించిన అరటిపళ్ల బండి దగ్గర గొడుగేసుకుని నిలబడిన సాల్బియా టీచర్ని కొట్టింది. ఆవిడ చిల్లర తీసుకుంటోందట. మీరే కదా చెప్పారు.

టీచర్ పోయిన మూడోరోజు ప్రార్థనకి వాళ్లింటికి వెళ్లాను. టీచర్ కూతురు నాకు టీ ఇచ్చింది. "మీరు అమ్మ దగ్గర చదువుకున్నారా అక్కా?" అని అడిగింది. ఊఁ అన్నాను. టీ మొత్తం తాగాను. ఒక్క గుక్క కూడా వదల్లేదు.

ఏమంటున్నారు? పనివాడికి ఇదంతా తెలిసుండాలి కదా అనా?

తెలుసు.

ఇప్పుడు మీరు చేసిన ఈ గ్రీజు పరీక్ష ఉందే, ఇది నాకు నేర్పింది ఆయనే. ఆరోజు నేను డబ్బా ఇవ్వగానే ఒక నట్టు తీసుకున్నాడు, గ్రీజు రాశాడు, బొక్కలో తిప్పాడు. హిల్మీని అక్కడే ఉంచాడు. కౌంటర్ దాకా నడిచొచ్చి, అరచేతిలో నట్టు పెట్టుకుని నాకు చూపించాడు. "అమ్మా, ఇది కూర్చోదు" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. అయినా ఆ ఐసు టీ వాళ్లు తలలు తిప్పారు.

నాన్న పోయాక ఈ కౌంటర్ వెనక నిలబడితే రెండేళ్లపాటు అందరిదీ ఒకటే ప్రశ్న, "లోపల మగవాళ్లెవరూ లేరా చెల్లీ?" అని. ఆ ప్రశ్న మాన్పించడానికి పార్టు నంబర్లన్నీ కంఠతా పట్టాను. వాదించాను, వెటకారాలాడాను, ఒక్కసారి కూడా మాట వెనక్కి తీసుకోలేదు. ఆరోజు, అప్పుడే హిల్మీని ఆటపట్టించి అందర్నీ నవ్వించి, మరుక్షణం "లేదు తమ్ముడూ, ఆ వంకాయరంగువే సరైనవి" అనాలా? వాళ్లందరి ముందు? ఆ పది సెకన్ల నవ్వు భరించలేక...

బాబాయి అరచేతిలోంచి నట్టు తీసుకున్నాను. గీత చూశాను. కళ్లజోడు కూడా అక్కర్లేదు, అంత స్పష్టంగా ఉంది. హిల్మీ ఇటే వస్తున్నాడు. బొటనవేలితో గ్రీజంతా తుడిచేశాను. గీత పోయింది. "బిగించు బాబాయ్, ఒరిజినల్‌కి పరీక్షలేమిటి" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆయన బిగించాడు. హిల్మీ మళ్లీ వచ్చిన మూడోరోజు కూడా బిగించాడు. నట్లు సగం చుట్టు వదులయ్యాయని అప్పుడు ఒకసారి నా వైపు చూశాడు. ఆ ఇరవై టక్కులు లెక్కపెట్టానన్నాను కదా. ఎందుకు లెక్కపెట్టానో ఇప్పుడు తెలిసిందా?

ఆయన మీకు నా పేరు చెప్పలేదు. నన్ను అమ్మా అని పిలిచేవాడు, నాకంటే పాతికేళ్లు పెద్దవాడు.

ఏంటీ? ఫైలు అయిపోయిందా? ఆయన్ని ఎలాగూ పడవెక్కించి జావా పంపేస్తారా, నేనెందుకు మధ్యలో పడటమా? బాగుంది. మీరు నా మంచికే చెబుతున్నారు, నాకు తెలుసు. ఆ నట్టు కూడా నేను హిల్మీ మంచికే ఇచ్చాను.

పెన్ను మూత పెట్టకండి. ఆయన పేరు కొట్టేయండి. సామాను ఎంచింది రోహయా, తుడిచింది రోహయా అని రాయండి. ఈ నట్టు తుడవకుండా కవర్లో వేసుకోండి.

షట్టరు దించి మీతో స్టేషనుకి వస్తాను. తుప్పు పట్టింది, ఒక్కదాన్నే లాగలేను. ఇన్నాళ్లూ బాబాయే దించేవాడు. ఆ చివర మీరు పట్టుకోండి.