తన తప్పును తన చేత్తో రాసిన మునిరత్నం గారు

రెండువేల నాలుగు జూన్ పద్నాలుగో తేదీన, భుజాన నిచ్చెన, చేతిలో కటింగ్ ప్లేయరుతో శ్రీ మునిరత్నం గారు మన తిరుపతి కార్యాలయంలో లైన్‌మన్‌గా చేరారు. అప్పట్లో మనవి టీవీ కేబుళ్లు మాత్రమే. నాలుగేళ్లకు ఇంటర్నెట్ వచ్చినప్పుడు, నలభై దాటిన వయసులో, ఆ కేబుల్‌లోని ఎనిమిది రంగుల సన్నతీగల వరుసను వారు ఒక్క వారంలో కంఠస్థం చేశారు.

వారిది ఒక పద్ధతి. నెట్ రావడం లేదని ఫోను వస్తే, వెళ్లగానే రూటరును తాకరు. గోడలోంచి తీగ బయటికొచ్చే చోటి నుంచి కంప్యూటరు దాకా దాన్ని వేళ్లతో తడుముతూ నడుస్తారు. ఒక్కో ఇంటికి గంట పడుతుంది. గంటకు మూడిళ్లు చూడాలన్నది కార్యాలయం నియమం. రూటరును ఆపి, మళ్లీ వెలిగించి, 'లోపం కస్టమరుది' అని రాసి సంతకం తీసుకొచ్చేవారిని మనం చురుకైనవారన్నాం. మునిరత్నం గారిని నిదానస్తులన్నాం, ముక్కోపి అన్నాం. ఆ కోపం దేనిమీదో ఎవరూ అడగలేదు.

మూడేళ్ల కిందట కొర్లగుంటలోని తాయమ్మ గారి ఇంటి నుంచి తొమ్మిదోసారి ఫిర్యాదు వచ్చింది. కూతురు నిస్సీ ఇంట్లోనే కూర్చుని చెన్నై కంపెనీకి పనిచేసేది. రోజు మార్చి రోజు, ఉదయం ఏడింటికి నెట్ తెగిపోయేది. పని ఎగ్గొట్టడానికి అబద్ధాలాడుతోందని కంపెనీ నమ్మింది. మూడు రోజుల్లో రుజువు చూపకపోతే ఉద్యోగం ఉండదని తేల్చి చెప్పింది. మనవాళ్లు ఎనిమిదిమంది మధ్యాహ్నాల పూట వెళ్లి, బాగానే ఉందని రాసి వచ్చారు. మునిరత్నం గారు మరునాడు ఉదయం ఆరింటికే వెళ్లి కూర్చున్నారు.

ఏడింటికి కుళాయి నీళ్లొచ్చాయి. తాయమ్మ గారు మోటారు వేశారు. నెట్ తెగింది. మోటారు ఆపితే వచ్చింది. కుళాయి వచ్చేది రోజు మార్చి రోజే. మోటారు పైపు గోడ వెంబడి అదురుతోంది, ఆ గోడలోనే మన కేబుల్ పోతోంది. వారు అక్కడ గోడకు బిగించిన మూత ప్లేటు విప్పారు. లోపల, అతుకు ఉండకూడని చోట, ఒక అతుకు.

"ఏ దరిద్రుడు సేసినాడీ పని? వాని సేతులిరగ!" అని ఇల్లదిరేలా అరిచారు.

అంతలో వేళ్లకు దారం తగిలింది. ఎండకు టేపు ఊడిపోకుండా పైన పూలుకట్టే తెల్లదారం చుట్టి ముడి వేసే అలవాటు మన కార్యాలయంలో ఒక్కరికే ఉంది. వారికే.

"ఏమబ్బా, నిలిపేసినావే? ఎవుర్ని తిడతా ఉండావు?" అన్నారు తాయమ్మ గారు.

"నన్నేనమ్మా. ఈ ముడి నాదే."

"అట్లనా! అయితే ఇంకా గట్టిగా తిట్టుకో నాయనా. మీవోళ్లు ఎనిమిదిమంది మా బిడ్డదే తప్పని పోయినారు. ఆ తిట్లన్నీ బాకీ ఉండాయి."

అంతకు ఏడేళ్ల ముందు ఆ ఇంటికి కనెక్షన్ ఇచ్చినప్పుడు కేబుల్ మూడు మీటర్లు తక్కువైంది. ఆ రోజు ఎనిమిది కనెక్షన్లు ఇవ్వకుండా తిరిగి రావద్దని పైనుంచి ఆజ్ఞ. వారు మిగులు ముక్క అతికి వచ్చేశారు. ఇతరుల పనిలో ఏ నిర్లక్ష్యాన్ని చూసి ఇన్నేళ్లూ మండిపడ్డారో అది తమ చేతిలోనూ ఉందని, గోడ ముందు గొంతుకూర్చున్న ఆ క్షణంలో వారికి తెలిసింది. తప్పించుకోవడానికి దారి ఉంది. కొత్త తీగ లాగి, ఏమీ చెప్పకుండా రావచ్చు. వారు కొత్త తీగా లాగారు, కాగితమూ రాశారు: "లోపం మా కేబుల్‌ది. అతుకు వేసినవాణ్ని నేనే. ఈ అమ్మాయి చెప్పింది నిజం." కింద పేరు, తేదీ, కార్యాలయం ముద్ర.

నిస్సీ ఉద్యోగం నిలిచింది. మునిరత్నం గారికి మెమో వచ్చింది.

"ఎవురు రాయమన్నారప్పా నిన్ను? రూటరు మార్చినానని రాసుంటే సరిపోయేదానికి!" అన్నారు అప్పటి మేనేజరు. కార్యాలయానికి క్షమాపణ రాసివ్వమన్నారు.

"ఆ పాపకు సెప్పినాను సార్. ఇంకెవురికీ సెప్పేది లేదు" అన్నారు మునిరత్నం గారు. రావలసిన సూపర్‌వైజరు పదవి రాలేదు. తప్పుడు నివేదికలు రాసిన ఎనిమిదిమందిలో ఒక్కరికీ మెమో వెళ్లలేదు. వారి వీడ్కోలుకు తెచ్చిన ఈ సంచికను చదివే మనందరం ఆ రోజు అక్కడే ఉన్నాం, తలలు వంచుకుని టీ తాగాం.

ఆ మెమో నేటికీ వారి ఫైలులో ఉంది. నిజం చెప్పినందుకు శిక్షించిన చేతులతోనే రేపు పదవీ విరమణ సభలో వారికి శాలువా కప్పబోతున్నాం. కప్పే ముందు ఆ కాగితాన్ని తీసి, వారి ఎదుటే చించాలి. అది చేయలేకపోతే శాలువా కూడా వద్దు.

మునిరత్నం గారు వేళ్ల నేర్పు, కంటి చూపు, ఆ ధర్మాగ్రహం తగ్గకుండా చిరకాలం ఆరోగ్యంగా జీవించాలి. ఎప్పుడైనా వారింట్లో నెట్ ఆగి మనకు ఫోను చేస్తే, వెళ్లేవాడు ముందు తీగను తడమాలి. తప్పు మనదైతే మనదేనని రాసి, కింద తన పేరు పెట్టి రావాలి.